చివరిదాకా కూర్చున్నవాళ్ళు

సోమవారం సాయంత్రం ఏడు గంటలకు సెకండ్ రిఫార్మ్‌డ్ చర్చి నేలమాళిగలో అరవై ఒక్కమందిమి మడతకుర్చీల్లో కూర్చున్నాం. అధ్యక్షపదవికి రిపబ్లికన్ పార్టీ తరఫున ఎవరు నిలబడాలన్నది దేశంలో అందరికంటే ముందు చెప్పేది మా అయోవా రాష్ట్రం. చెప్పే పద్ధతి కూడా మాదే. ఇరుగుపొరుగు ఒక గదిలో చేరతారు. ఒక్కొక్క అభ్యర్థి తరఫున ఒకరు లేచి మాట్లాడతారు. తరువాత ప్రతివారూ తెల్లకాగితపు ముక్క మీద ఒక పేరు రాసి, మడిచి, బుట్టలో వేస్తారు. నేను గవర్నర్ ఎల్డన్ ప్రూయిట్ తరఫున మాట్లాడాను. ఆయనకే వేస్తామని పద్నాలుగు మంది అంతకుముందే నా చేతిలో చెయ్యి వేసి చెప్పి ఉన్నారు.

చీటీలు విప్పి పైకి చదివే పని నాకు అప్పగించారు. నా గొంతు వెనక వరుసదాకా వినిపిస్తుందని అప్పగించారు. ఈ విన్‌కెల్ ఊరి క్రైస్తవ పాఠశాలలో ముప్ఫై ఎనిమిదేళ్ళపాటు చేతిరాత దిద్దించినది కూడా నేనేనన్న సంగతి ఎవరికీ స్ఫురించలేదు. చీటీ మీద ఓటరు పేరు ఉండదు, నిజమే. ఓటరు చేతిరాత ఉంటుంది.

డార్ల్ స్టాక్‌వెల్‌కు నలభై ఎనిమిది. మరి ఇద్దరికి కలిపి పదకొండు. ప్రూయిట్‌కు రెండు. ఆ రెండింటిలో ఒకటి నాది. రెండవది ఎవరో పనిగట్టుకుని పెద్ద అచ్చక్షరాలతో రాసినది. అది ఎవరిదని ఆలోచించే స్థితిలో నేను లేను. ఎందుకంటే దానికి నాలుగు చీటీల ముందే నా భర్త మార్లిన్ చేతిరాత నా చేతికి వచ్చింది. నలభై ఆరేళ్ళుగా నేను ఆ చేతిరాతలో సరుకుల జాబితాలు చదువుతున్నాను. ఆ చీటీ మీద స్టాక్‌వెల్ అని ఉంది. స్టాక్‌వెల్ అని చదివాను. దాన్ని ఆ కుప్ప మీద పెట్టి తరువాతిది అందుకున్నాను.

*

లెక్క ప్రకటించిన నాలుగు నిమిషాల్లో గది ఖాళీ అయింది. బయట మంచు పడుతోంది. ఇళ్ళలో టీవీలు రాష్ట్రమంతటి ఫలితాలు చెబుతున్నాయి. గెలిచినవాళ్ళకు కూర్చోవలసిన అవసరం కనబడలేదు. మార్లిన్ కూడా, కారు వేడెక్కించి ఉంచుతానని చెప్పి, మిగిలినవాళ్ళతో పాటు మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

కాని కార్యక్రమం అప్పటికి సగమే అయింది. ఆరవ అంశం మిగిలి ఉంది. మార్చిలో జరిగే కౌంటీ మహాసభకు మా వార్డు నుంచి ఇద్దరు ప్రతినిధులను పంపాలి. అధ్యక్ష అభ్యర్థిని తేల్చేది ఆ మహాసభ కాదు. అక్కడ తేలేది పార్టీ ఏమి నమ్ముతుందన్నది. కౌంటీ విధానపత్రంలో ఏ వాక్యం ఉండాలి, ఏది పోవాలి అన్నదాన్ని ప్రతినిధులే నిర్ణయిస్తారు. ఆ పత్రంలో నేను ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం రాసి, వాదించి, చేర్పించిన వాక్యం ఒకటి ఉంది: "సొంత జీవితంలో ఇచ్చిన మాట నిలుపుకోని మనిషి ప్రజల పదవికి తగడు." అప్పట్లో దానికి చప్పట్లు కొట్టారు. ఇప్పుడు స్టాక్‌వెల్ మనుషులు దాన్ని తీసివేయాలని తీర్మానం తెస్తున్నారు. కారణం రహస్యమేమీ కాదు. స్టాక్‌వెల్ పెళ్ళినాటి ప్రమాణాన్ని రెండుసార్లు తప్పాడు, మూడవసారి తప్పినట్టు తానే రేడియోలో నవ్వుతూ చెప్పుకున్నాడు. అలాంటి మనిషి వెనక నడిచేవాళ్ళకు ఆ వాక్యం కాలిలో ముల్లు.

గదిలో మిగిలినవాళ్ళం ఏడుగురం. ప్రతినిధులుగా ఎవరుంటారని అడిగారు. నేను ఉంటానన్నాను. అదే సమయానికి ఎనభై ఎనిమిదేళ్ళ వెండెల్ యాడెన్, చెవి మిషను జేబులో వేసుకుని కూర్చున్నవాడు, మరుగుదొడ్డి ఎటువైపని అడగడానికి చెయ్యెత్తాడు. ఇద్దరమూ ఏకగ్రీవంగా ఎన్నికయ్యాం.

నేను పైకి వచ్చేసరికి మార్లిన్ నలభై నిమిషాలుగా కారులో కూర్చుని ఉన్నాడు. ఇంటికి రెండు మైళ్ళు. దారిలో అతను ఒకే మాట అన్నాడు, రోడ్డు జారుతోందని. అది నిజమే.

*

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి గవర్నర్ ప్రూయిట్ పోటీ నుంచి తప్పుకున్నాడు. రాష్ట్రం మొత్తం మీద నూటికి నలుగురు ఆయన పేరు రాశారు, ఐదవ స్థానం. నేను పొయ్యి తుడుస్తూ విన్నాను. ఆయన నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఎవరినీ నిందించలేదు. తన రాష్ట్రంలో ఒక చట్టం బెడిసికొట్టినప్పుడు "తప్పు నాదే" అని అందరి ముందూ చెప్పిన మనిషి ఆయన. ఆ రెండు మాటలనూ స్టాక్‌వెల్, ఆయన పిరికివాడని వెక్కిరిస్తూ, కోడి కూతతో కలిపి ఆరు వారాలపాటు రేడియోలో వినిపించాడు. చర్చి నేలమాళిగలో నేను మాట్లాడుతుండగా ఎవరో వెనక నుంచి కోడిలా కూశారు. గది నవ్వింది. గుంపులో పదకొండేళ్ళ పిల్లలు అలా చేస్తారు. వాళ్ళకు నేను శిక్ష వేసేదాన్ని.

నాకు కోపం రావలసి ఉంది. వస్తుందేమోనని చూశాను. పళ్ళ డాక్టరు సూది వేసి పంపిన తరువాత పెదవిని కొరుక్కున్నా తెలియదు. రక్తం రుచి మాత్రం తెలుస్తుంది. ఆ ఉదయం నా స్థితి అది. పొయ్యి మొత్తం తుడిచి, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను.

పది గంటలకు, అంటే కాఫీ వేళకు, పెరటి వైపు వసారాలో బూట్ల చప్పుడయింది. మా ఊళ్ళో ఎవరూ తలుపు తట్టరు.

"మిసెస్ కైపర్! బూట్లు ఇక్కడే విప్పెయ్యనా?"

"నీ ఇష్టమని ఎప్పుడైనా అన్నానా, గెరిట్?"

గెరిట్ టెర్‌ప్‌స్ట్రా సాక్సు కాళ్ళతో లోపలికి వచ్చాడు. యాభై రెండేళ్ళవాడు, రెండు వేల పందులున్న రైతు, నా దగ్గర ఆరేళ్ళు చదువుకున్నవాడు. సోమవారం సాయంత్రం స్టాక్‌వెల్ తరఫున లేచి మాట్లాడినది ఇతనే. చేతిలో రేకు ట్రే ఉంది.

"కార్లా పంపింది. స్కాచరూలు. ఇంకా వెచ్చగానే ఉన్నాయి."

కార్లా అతని భార్య. స్కాచరూలంటే వేరుశనగ వెన్నలో పేలాలు కలిపి, పైన చాక్లెట్ పోసి కోసిన ముక్కలు. మాలో కష్టమైన మాట అడగడానికి ఎవరూ వట్టి చేతులతో రారు. ట్రే ఎంత పెద్దదైతే అడగబోయేది అంత పెద్దది. ఇది వాళ్ళ ఇంట్లో ఉన్న వాటిలో పెద్ద ట్రే.

మార్లిన్ అప్పటికే బల్ల దగ్గర కూర్చుని, ముందు పేపరు పరుచుకుని ఉన్నాడు. ముగ్గురికీ కాఫీ పోశాను. మొదట వాతావరణం రావాలి కనుక వచ్చింది.

"గురువారానికి సున్నాకి ఇరవై కిందకి పోతుందట," అన్నాడు గెరిట్.

"పోతుంది," అన్నాడు మార్లిన్.

"పందులు ఎలా ఉన్నాయి?" అని నేను అడిగాను.

"వాటికేం! ఓటెయ్యక్కర్లేదు, చలిలో బయటికి రానక్కర్లేదు."

మార్లిన్ నవ్వాడు. ఆ నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది, తొందరగా పోయింది.

"నిన్న మీరు బాగా మాట్లాడారండీ," అన్నాడు గెరిట్.

"రెండు చీటీలంత బాగా."

"అలా కాదు. మా అమ్మ కూడా అంది, మిసెస్ కైపర్ మాట్లాడితే ఇప్పటికీ వీపు నిటారుగా పెట్టుకుని కూర్చోవాలనిపిస్తుందని."

"మీ అమ్మ నిటారుగానే కూర్చుంది. నిటారుగా కూర్చుంటే ఓట్లు రాలవు. నువ్వు వచ్చిన పని చెప్పు."

అతను కప్పును సాసరులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"మీరు మహాసభకి ప్రతినిధిగా ఎన్నికయ్యారంట."

"అయ్యాను."

"ఎవరు ఎన్నుకున్నారండీ?"

"చివరిదాకా కూర్చున్నవాళ్ళు. ఏడుగురం. అందులో ఒకరికి ఏం జరుగుతోందో వినిపించలేదు, కాని ఆయన కూడా కూర్చున్నారు."

"అదేనండీ నేననేది. నలభై ఎనిమిది మంది స్టాక్‌వెల్ అన్నారు. వాళ్ళ తరఫున వెళ్ళేదేమో ప్రూయిట్ మనిషా? ఇదేం న్యాయం, మీరే చెప్పండి."

"ఆ నలభై ఎనిమిది మంది ఆ సమయానికి ఎక్కడున్నారు?"

"ఇళ్ళకి పోయారు. నేనూ పోయాను. ఈనబోతున్న పంది ఒకటుంది. మిగతావాళ్ళకి టీవీ ఉంది."

"ఆరవ అంశం, ప్రతినిధుల ఎన్నిక. సభ మొదట్లోనే పైకి చదివాను."

"ఆరో అంశం దాకా ఎవరు వింటారండీ బాబూ!"

"వినేవాళ్ళే చివరికి అన్నీ నిర్ణయిస్తారు. ఈ మాట నీకు ఆరో తరగతిలోనే చెప్పాను."

"ఆరో తరగతిలో కూడా నేను అక్కడిదాకా వినలేదు."

ఇది బాగానే అన్నాడు. వేరే రోజయితే నవ్వేదాన్ని. గెరిట్ చొక్కా లోపలి నుంచి మడిచిన కాగితం తీసి, ట్రే పక్కన విప్పి పెట్టాడు. టైపు చేసిన నాలుగు వరుసలు. అనారోగ్య కారణాల వల్ల నేను ప్రతినిధి స్థానం వదులుకుంటున్నానని ఉంది. కింద ఒక ఖాళీ: నా స్థానంలో ఫలానావారు వెళ్ళడానికి సమ్మతిస్తున్నాను. ఆ కింద రెండు సంతకాలకు గీతలు.

"నాకు ఏ అనారోగ్యం?"

"అది ఊరికే అండీ. గౌరవంగా ఉంటుందని. సాయంత్రం ఐదింటికి కౌంటీ వాళ్ళకి జాబితా చేరాలి. అందుకే తొందర." అతను ఒకసారి బల్ల అవతలికి చూశాడు. "మీరు సంతకం పెడతారని మార్లిన్ చెప్పాడు."

తన పేరు వినగానే నా భర్త చెంచాతో కాఫీ కలపడం మొదలుపెట్టాడు. అతను కాఫీలో పాలు గాని, చక్కెర గాని వేసుకోడు.

"ఎప్పుడు చెప్పాడు?"

"పొద్దున ఆరున్నరకి. ఫోన్ చేశాడు."

ఆరున్నరకు అతను గరాజులోంచి చెంపలు ఎర్రబడి లోపలికి వచ్చాడు. కారు బ్యాటరీ చూసి వచ్చానన్నాడు. నేను అతనికి టోస్టు ఇచ్చాను.

"మార్లిన్."

"డీనా, కాస్త నా మాట విను."

"వింటున్నాను."

అతను చెంచా కింద పెట్టాడు. తక్కువ మాట్లాడే మనిషి. నలభై ఆరేళ్ళలో అతను వరుసగా ఇన్ని వాక్యాలు చెప్పినది నేను బహుశా మూడుసార్లు విని ఉంటాను.

"ధాన్యం గిడ్డంగి దగ్గర పొద్దున కాఫీ బల్ల ఉంది చూడు. నేను వెళ్ళగానే మాటలు ఆగిపోతున్నాయి. నువ్వు పేపరుకి స్టాక్‌వెల్ మీద ఆ ఉత్తరం రాసినప్పట్నించీ అంతే. నన్నెవరూ ఏమీ అనరు. అంటే బాగుండు. వాతావరణం గురించి మాట్లాడతారు. నాలుగు నెలల్నించీ నాతో వాతావరణం గురించే మాట్లాడుతున్నారు, డీనా. ముప్ఫై ఏళ్ళు కలిసి కోతలు కోసినవాళ్ళు."

"నాకు చెప్పలేదే."

"చెబితే ఏమనేదానివి?"

ఏమనేదాన్నో నాకు తెలుసు. వాళ్ళకు మాట్లాడటానికి వేరే విషయం లేకపోతే నీకేమిటి అనేదాన్ని. అది అతనికీ తెలుసు.

"నీతో పాటు నలభై ఆరేళ్ళు ఓటేశాను. ఓడిపోయేవాళ్ళకి కూడా వేశాం. నాకేం బాధ లేదు. నిన్న మాత్రం ఆ కాగితం ముక్క చేతిలో పట్టుకున్నాక..." అతను గెరిట్ ఉన్నాడని కూడా చూడలేదు. "ఒక్కసారి ఆ బల్ల దగ్గర నేనూ ఒకణ్ణి అనిపించుకోవాలనిపించింది. అంతే. నీకు తెలిసిపోయిందని నాకు తెలుసు."

"నేను ఒక్క మాట కూడా అనలేదు."

"అనలేదు. చదివినప్పుడు నీ గొంతు కూడా మారలేదు. మిగతా పేర్లు చదివినప్పుడు కొంచెం కొంచెం మారింది. అది చదివినప్పుడే రాయిలా ఉంది."

నేను అతని ముఖంలోకి చూశాను. కుడి చెంప మీద గడ్డం గీసుకునేటప్పుడు తెగిన చిన్న గాటు ఉంది. అది ఎప్పుడు తెగిందా అని ఆలోచించాను. భార్య ముఖం చూస్తూ ఒక మనిషి తన ద్రోహాన్ని ఒప్పుకుంటుంటే భార్య ఆలోచించవలసిన విషయం అది కాదు. నా బుద్ధి అంతకంటే ముందుకు కదలలేదు.

"సంతకం పెట్టెయ్, డీనా," అన్నాడు మార్లిన్, మెల్లగా. "ప్రూయిట్ ఎలాగూ పోయాడు. ఆ మహాసభలో నువ్వు ఒక్కదానివీ లేచి నిలబడితే మళ్ళీ కోడి కూతలు కూస్తారు. నేను మళ్ళీ కారులో కూర్చోవాలి. నావల్ల కాదు."

గెరిట్ బల్ల మీది గుడ్డ అంచు చూస్తున్నాడు.

"ఈ ఖాళీలో ఎవరి పేరు?" అని అతన్ని అడిగాను.

"కార్లాది అనుకున్నామండీ. తనకి చాలా పట్టుదలగా ఉంది. ఆ... మీ వాక్యం సంగతి."

"తీసివేయించాలని."

"అవునండీ."

"కార్లా ఎక్కడ?"

"బయట పికప్ ట్రక్కులో ఉంది. తనే వచ్చి అడిగితే బాగుండదని."

బాగుండదన్న మాట నిజమే. నేలమాళిగలో కోడిలా కూసినది కార్లా. ఆమె పాతికేళ్ళుగా చర్చి బృందగానంలో మా వెనక వరుసలో పాడుతోంది. ఆ గొంతు గుర్తుపట్టడానికి తల తిప్పి చూడవలసిన పని లేదు.

నేను లేచాను. ఏదైనా చేస్తూ ఉంటే చేతులకు పని ఉంటుంది. స్కాచరూలను మా పళ్ళెంలోకి మార్చి, ట్రే కడిగి ఇచ్చివేయడం మర్యాద. ముక్కలు తీసి, ట్రేను సింకులో కడిగి, బోర్లించి తుడిచాను. అందరి ట్రేలకు ఉన్నట్టే దానికీ అడుగున టేపు ముక్క అంటించి ఉంది. చర్చి విందుల్లో నలభై ట్రేలు ఒకలాగే ఉంటాయి కనుక, ఎవరిది వారి ఇంటికి చేరడానికి ఇంటిపేరు రాసుకుంటారు. దీని మీద నల్ల మార్కరుతో, పెద్ద అచ్చక్షరాలతో, టెర్‌ప్‌స్ట్రా అని ఉంది.

ఇంగ్లీషులో ఆ పేరుకు టి అక్షరం రెండుసార్లు రావాలి. ఆ రెండింటి అడ్డగీతలూ కుడి చివర లావుగా మొదలై, ఎడమకు పోయేకొద్దీ సన్నబడ్డాయి. కుడిచేతివాళ్ళు ఎడమ నుంచి కుడికి గీస్తారు. ఈ గీత కుడి నుంచి ఎడమకు గీసినది. ఎడమచేతివాడు, అదీ నా తరగతిలో మొదటి రోజు నుంచి అలా తప్పుగా గీసి, నేను దిద్దించబోతే "ఇలాగే బాగుంది టీచర్" అన్నవాడు, గీసినది. నలభై నాలుగేళ్ళ క్రితం గెరిట్ తండ్రి వచ్చి, వీడి చేత కుడిచేత్తో రాయించండి, అవసరమైతే కర్ర వాడండి అన్నాడు. నేను కర్రా వాడలేదు, చెయ్యీ మార్పించలేదు.

ఆ గీతలను నేను అంతకు పదిహేను గంటల ముందు చూశాను. ప్రూయిట్ పేరు చివర కూడా టి అక్షరాలు రెండు ఉంటాయి.

తన చేతిరాత నేను గుర్తుపడతానని భయపడి అచ్చక్షరాలు రాశాడు. తమ ఇంటి ట్రేల మీద కూడా అవే అక్షరాలు రాస్తానన్న సంగతి అతనికి తట్టలేదు.

ట్రేను బోర్లించే తెచ్చి బల్ల మీద, అతని ఎదురుగా పెట్టాను.

ఎవరి ఓటు ఎవరికి పడిందో చదివిన మనిషి చెప్పకూడదు. అది వ్రాసి పెట్టిన నియమం కాదు, వ్రాయనవసరం లేని నియమం. నేను చెప్పలేదు. కుర్చీలో కూర్చుని, కాగితం దగ్గరికి లాక్కుని, పై గీత మీద సంతకం పెట్టాను. ఆల్బర్‌డీనా కైపర్. అక్షరాలు తిన్నగా వచ్చాయి. మార్లిన్ గట్టిగా ఊపిరి వదిలాడు.

తరువాత కాగితాన్ని, పెన్నునూ గెరిట్ వైపు జరిపాను.

"ఖాళీలో నీ పేరు రాయి."

"నా పేరా? కార్లా అన్నాను కదండీ."

"నువ్వన్నావు. సమ్మతి నాది. కాగితంలో అలాగే ఉంది, టైపు చేసినది నువ్వే. కార్లాకు నేను సమ్మతించను. నీకైతే ఇస్తాను."

"నాకెందుకండీ ఇదంతా... మార్చిలో నాకు పని ఎక్కువ..."

"మార్చి రెండవ శనివారం. ఒక్క పూట. వాక్యం చదువుతారు, ఉంచాలా తీసివేయాలా అని అడుగుతారు." నేను కాఫీ తాగాను. చల్లారిపోయింది. "అక్కడ చీటీలు ఉండవు, గెరిట్. ఉంచాలనేవాళ్ళు లేచి నిలబడాలి."

అతను నా ముఖం చూశాడు. తరువాత ట్రే అడుగున ఉన్న తన అక్షరాలు చూశాడు. మెడ నుంచి ఎరుపు పైకి పాకుతూ వచ్చి, చెవుల దగ్గర ఆగింది. ఏడేళ్ళ వయసులో కూడా అతను అలాగే ఎర్రబడేవాడు.

"మీరు ఎవరికైనా..."

"ఎవరికీ చెప్పలేదు. చెప్పను. నేను చెప్పేది మహాసభ నియమాల గురించి మాత్రమే."

"ఏం చెప్పలేదు? ఏమిటది?" అన్నాడు మార్లిన్.

గెరిట్ రెండు చేతులూ ముఖం మీద ఉంచుకుని, తీశాడు. "ప్రూయిట్ మంచోడు, మార్లిన్," అన్నాడు. "అంతే. గెలవడని తెలుసు. కార్లా ఇంట్లో పొద్దస్తమానం ఆ రేడియోయే. సరే, మాట్లాడతానన్నాను, మాట్లాడాను. తీరా చేతికి కాగితం ఇచ్చేసరికి... మా నాన్న గుర్తొచ్చాడు. మిసెస్ కైపర్ గుర్తొచ్చారు. ఎవరో గుర్తొచ్చారు. రాసేశాను."

మార్లిన్ కుర్చీ జరిపి అతని వైపు తిరిగాడు.

ఒకడు ప్రూయిట్ అని చెప్పి స్టాక్‌వెల్ అని రాశాడు. ఒకడు స్టాక్‌వెల్ అని చెప్పి ప్రూయిట్ అని రాశాడు. ఇద్దరూ నా బల్ల దగ్గర కూర్చుని నా కాఫీ తాగుతున్నారు. వీళ్ళలో ఎవరిది పెద్ద అబద్ధమో తేల్చడం నాకు కష్టం కాలేదు. తేల్చిన తరువాత కూడా నాకు ఏమీ అనిపించలేదు. ఒక లెక్క మాత్రం స్పష్టంగా కనబడింది. నేను లేచి నిలబడితే రెండు చీటీల ముసలిది నిలబడిందంటారు, కూస్తారు. స్టాక్‌వెల్ తరఫు మనిషి లేచి ఆ వాక్యం ఉండాలంటే, కూయడానికి ఎవరికీ నోరు రాదు. అతని వెనక ఇంకెవరైనా లేస్తారేమో, అచ్చక్షరాలు రాసేవాళ్ళు ఈ కౌంటీలో ఎందరున్నారో, నాకు తెలియదు.

"నువ్వు రాయకపోతే ఈ కాగితం చింపేస్తాను," అన్నాను. "స్థానం నాదే ఉంటుంది. మార్లిన్ కారులో కూర్చుంటాడు. నిర్ణయం నీది."

"డీనా, అతన్ని ఇరికించకు," అన్నాడు మార్లిన్.

"నేను ఇరికించలేదు. ట్రే అతను తెచ్చాడు."

"కార్లా నన్ను బతకనివ్వదండీ," అన్నాడు గెరిట్. పరిహాసంగా అనబోయాడు, అలా రాలేదు. "మీకు తెలీదు. తన అన్నతో మాట్లాడ్డం మానేసింది. సొంత అన్నతో. పోయిన క్రిస్మస్ నుంచీ. ఇదే గొడవ మీద."

"అయితే నువ్వు పోగొట్టుకునేదేమిటో నీకు తెలుసు. నేను పోగొట్టుకునేది నాకు నిన్న రాత్రిదాకా తెలియలేదు."

ఈ మాట నేను గెరిట్‌తో అన్నాను. మార్లిన్ తల దించుకున్నాడు.

బయట పికప్ తలుపు మూసిన చప్పుడు వినిపించింది. మంచు మీద అడుగులు పెరటి దారిలో దగ్గరవుతున్నాయి. వసారా తలుపు తెరుచుకుంది. చలిగాలి వంటగదిదాకా వచ్చింది.

"గెరిట్!" కార్లా గొంతు. "ఒక్క సంతకానికి ఇంతసేపా? కాళ్ళు కొయ్యబారిపోయాయి నాకు. మిసెస్ కైపర్, ఏమీ అనుకోకండి, బూట్లు విప్పి వచ్చేస్తున్నాను!"

గెరిట్ పెన్ను తీసుకున్నాడు. అతని చెయ్యి కాగితం మీద ఆగింది. వసారాలో కార్లా గోడకు ఆనుకుని ఒక బూటు లాగుతోంది; ఆ మూలుగు మాకు వినిపిస్తోంది. అతను రాయడం మొదలుపెట్టాడు. అచ్చక్షరాలు కాదు. నేను నేర్పిన గొలుసుకట్టు రాత, వంపు కొంచెం వెనక్కి. పేరు, కింద సంతకం.

"అయిందా, లేదా?" అంది కార్లా, తలుపు అవతలి నుంచి.

"ఇంకా లేదు," అన్నాడు గెరిట్. సిరా ఇంకా ఆరలేదు.

అప్పుడు మార్లిన్ తన ముందున్న పేపరు ఎత్తి, విప్పి, ఆ కాగితం మీద పరిచాడు. దాని మీద తన అరచెయ్యి పెట్టి నొక్కి ఉంచాడు. అతను దాన్ని గెరిట్ కోసం దాచాడో, నా కోసం దాచాడో, కార్లాకు తీసి ఇవ్వడానికే అట్టిపెట్టుకున్నాడో ఆ ముఖంలో నాకు కనబడలేదు. నలభై ఆరేళ్ళు చదివిన ముఖం.

వంటగది తలుపు తోసుకుని కార్లా లోపలికి వచ్చింది. ముగ్గురినీ ఒకరి తరువాత ఒకరిని చూసింది. బల్ల మీద బోర్లించిన ట్రే చూసింది. ఆ తరువాత ఆమె చూపు తిన్నగా నా భర్త చేతి మీదికి వచ్చి ఆగింది.

"మార్లిన్," అంది, "ఆ చెయ్యి తీయి."